పిన్ని కాళ్ల కింద వణుకు

వాట్‌ఫర్డ్
9 జూన్ 2024

చిరంజీవి కిరణ్మయికి,

మీ బాబాయ్ కాగితం, కలం పట్టాడంటే ఒంట్లో ఏదో తేడా చేసిందనుకుంటావేమో. తేడా చేసిన మాట నిజమే గాని నాకు కాదు, కారుకి.

మా వీధి చివర కెన్ అనే పెద్దాయన ఉన్నాడని చెప్పానుగా. ఆయన గ్యారేజీలో 1910 నాటి కారు ఉంది. దాన్ని చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. పైకప్పు లేదు, తలుపులు మోకాళ్లెత్తు, దీపాలు ఇత్తడివి. మోకాళ్లు అరిగిపోయి ఆయన నడపలేకపోతున్నాడు. ఊరికే పడి ఉంటే తుప్పు పడుతుంది, నువ్వు తిప్పు అని తాళాలు నా చేతిలో పెట్టాడు. అప్పటినుంచి శనాదివారాలు నా కాపురం ఆ గ్యారేజీలోనే.

ఇదంతా నా సరదా కోసం కాదు. రెండేళ్ల కిందట మోటర్‌వే మీద లారీ మా కారుని రాసుకుపోయిన దగ్గర్నుంచీ పిన్ని ఏ బండీ ఎక్కలేదని నీకు తెలుసు. జీపీ డాక్టరు దగ్గరికైనా, గుడికైనా, కూరగాయలకైనా నడకే. నడిచి వెళ్లలేని చోటంటూ ఆమెకి లోకంలో లేనట్టే. సముద్రం అవతల బెల్‌ఫాస్ట్‌లో మన స్రవంతి బిడ్డను కంటే, అమ్మమ్మ అయిన మనిషి ఆ పసిదాన్ని ఫోన్లోనే చూసుకుంటోంది. రాత్రిపూట ఆ ఫోటోలు తిరగేస్తుంటే నాకు చెప్పలేనంత కష్టంగా ఉంటుంది. అలాంటి మనిషి మొన్న కెన్ కారు చూసి నవ్వింది. "ఇదేం కారండీ, కిటికీలూ లేవు, వేగమూ లేదు. ఇట్టాంటిదైతే ఎక్కుతానేమో" అంది. ఆ 'ఏమో' పట్టుకునే నేను వేలాడుతున్నాను.

చిక్కల్లా ఒక్కటే. ఇరవై ఎనిమిది మైళ్ల వేగం దగ్గరికి రాగానే కారు కింద ఏదో పూనినట్టు వణుకుతుంది. ఆ వణుకు కాళ్లు పెట్టుకునే చెక్కపలకల్లోంచి అరికాళ్లకీ, అక్కణ్ణుంచి పళ్లకీ ఎక్కుతుంది. ఆ రోజు లారీ తగిలినప్పుడు పిన్నికి మొదట తెలిసింది కాళ్ల కింద వణుకేనట. ఇప్పటికీ నిద్రలో కాళ్లు ముడుచుకుంటుంది. ఈ కారులో అది ఒక్కసారి తగిలిందంటే జన్మలో మళ్లీ ఎక్కదు.

నువ్వు చదువుతున్నది యంత్రాల కంపనాల మీదేగా. ఈ వణుకు ఎలా తగ్గించాలో చెప్పు, చేతులు నావి. వాట్సాప్, మెయిల్ వద్దు. అవన్నీ ఇంట్లో టాబ్లెట్లో మోగుతాయి, పిన్నే చదివి నాకు వినిపిస్తుంది. గ్యారేజీ చిరునామా వెనకపక్క రాశాను.

వేళకి తిను. ఆ రెడీమేడ్ నూడుల్స్ తగ్గించు.

నీ బాబాయ్,
రామాంజనేయులు


న్యూకాసిల్
19 జూన్ 2024

బాబాయ్‌కి నమస్కారాలు.

నా పేరు మీద చేతిరాత కవరు వచ్చేసరికి మా ఫ్లాట్‌లో అందరూ చుట్టూ మూగారు. ఇన్నాళ్లూ నాకు ఉత్తరాలు రాసింది ఊరి కౌన్సిల్ వాళ్లే.

మీరు చెప్పింది చదవగానే సగం అర్థమైంది. గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాల దాకా పొడవాటి ఇనపకడ్డీ ఒకటి తిరుగుతూ ఉంటుంది కదా, ఆ షాఫ్ట్‌దే గొడవ. పిల్లలు తాడు ఆడేటప్పుడు తాడు మధ్యలో ఉబ్బి తిరగడం చూశారుగా. సన్నగా, పొడుగ్గా ఉన్న షాఫ్ట్ కూడా ఒక వేగం దగ్గర అలాగే నడుము వంచి తిరుగుతుంది. ఆ వేగం దాటితే మళ్లీ సర్దుకుంటుంది. ఆ రోజుల్లో కార్లు చేసినవాళ్లని ఇది ఏడిపించింది. కొందరు రెండు చివరలా తోలు బిళ్లలు బిగించి చూశారు, కొందరు కడ్డీ బదులు లావు గొట్టం వేశారు, కొందరు మధ్యలో ఇంకో బేరింగు పెట్టారు. ఏది ఏ కారుకి నప్పుతుందో చేసి చూడాల్సిందే.

ముందు ఖర్చు లేనిది చేద్దాం. నీళ్ల గొట్టాలకి బిగించే క్లిప్ ఒకటి షాఫ్ట్ నడుముకి బిగించండి. సుద్దముక్కతో గుర్తు పెట్టి, క్లిప్ బరువంతా ఉండే మరను ఒక్కోసారి ఒక్కో వైపుకి తిప్పి కారు నడపండి. ఏ వైపున్నప్పుడు వణుకు తగ్గితే అక్కడే ఉంచేయండి. ఆ తర్వాతే తోలు బిళ్లలు. మీరు ఉత్సాహం పట్టలేక అన్నీ కలిపి మార్చేస్తారని నాకు తెలుసు. ఒకసారికి ఒక్కటే మార్చండి బాబాయ్.

దీంతో అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి పంపుతున్నాను. అడుగున అయస్కాంతం ఉంది, గేర్‌బాక్స్ వెనకవైపు ఇనుముకి అంటించండి. ఎంత వణికిందో అందులోని మెమరీ కార్డులో ఎక్కుతుంది. కార్డు నాకు పోస్టు చేయండి. వణుకు ఏ వేగంలో మొదలవుతోందో ప్రతిసారీ రాయండి.

నేను పార్ట్‌టైమ్ చేసే వృద్ధుల కేర్ హోమ్‌లో ఈ వారం నాది పొద్దుటి షిఫ్టు. అక్కడ ఒక ముసలావిడ అచ్చం పిన్నిలాగే తల పక్కకి తిప్పి నవ్వుతుంది. పిన్ని మళ్లీ బయటికి వస్తుందంటే నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

మీ
కిరణ్


వాట్‌ఫర్డ్
15 జూలై 2024

ఇంజనీరమ్మకి ఆశీస్సులు.

నువ్వు నన్ను అనుమానించినా సరే, ఒకసారికి ఒక్కటే మార్చాను. కెన్ స్నేహితుడి పొలం పక్కన యుద్ధకాలం నాటి రన్‌వే ఉంది, గడ్డి మొలిచి పాడుపడింది. పోయిన రెండు ఆదివారాలూ అక్కడే గడిపాం. నేను నడపడం, కెన్ మడతకుర్చీలో కూర్చుని ఫ్లాస్కు టీ తాగుతూ తప్పులు పట్టడం. క్లిప్ మర సుద్దగుర్తుకి ఎదురుగా పెట్టినప్పుడు వణుకు సగానికి సగం పడిపోయింది. నేను కేకేస్తే కెన్ టీ ఒలకబోసుకున్నాడు.

ఆ తర్వాత తోలు బిళ్లలు. గుర్రపు జీనులు కుట్టే ఒకామె మందపాటి తోలు కోసి ఇచ్చింది. రెండు చివరలా అవి బిగించాక ఇంకా మెత్తబడింది. ఇప్పుడు వణుకు ఇరవై ఆరు దగ్గర వచ్చి చప్పున పోతోంది. ముందే వచ్చి ముందే పోతే మంచిదేగా. కార్డులు పెట్టాను, చూసుకో.

అసలు విశేషం వేరే. మొన్న పిన్ని గ్యారేజీకి పులిహోర డబ్బా పట్టుకుని నడుచుకుంటూ వచ్చింది. కారు చుట్టూ తిరిగింది, ఇత్తడి దీపం కొంగుతో తుడిచింది. "ఇది వణకదు గదా?" అని అడిగింది. ఎందుకు వణుకుతుందే అన్నాను. నా మొహంలోకే చూస్తూ నిలబడింది. అబద్ధం ఆడానని తెలిసిపోయిందేమో. అందుకే అది నిజం అయిపోవాలి కిరణ్, త్వరగా.

బాబాయ్


న్యూకాసిల్
24 జూలై 2024

బాబాయ్,

కార్డులు చూసి కళ్లు నులుముకున్నాను. గేర్‌బాక్స్ దగ్గరే ఇంత తగ్గిందంటే పిన్ని కూర్చునే చోటికి చేరేది దాదాపు ఏమీ ఉండదు. మా ల్యాబ్‌లో అభిజిత్ అని నా సీనియర్ ఉన్నాడు, ఎవరినీ ఊరికే మెచ్చుకునే రకం కాదు. అతనే ఎవరు చేశారు ఈ పని అని అడిగాడు. మా బాబాయ్, కంప్యూటర్ల మనిషి అని గొప్పగా చెప్పుకున్నాను.

ఒక చిన్న సందేహం. మొదట ఇరవై ఎనిమిది దగ్గర వచ్చిన వణుకు ఇప్పుడు ఇరవై ఆరు దగ్గర వస్తోందన్నారు. తోలు మెత్తన కాబట్టి కొంచెం కిందకి దిగడం సహజమే. అయితే అక్కడే ఆగాలి. ఇంకా దిగితే నాకు రాయండి.

పిన్ని పులిహోర మాట ఎత్తి నన్ను ఏడిపించారు. ఇక్కడి టేక్‌అవేలో పులిహోర అంటే పసుపన్నం మీద జీడిపప్పు నాలుగు పడేసి ఇస్తారు.

కిరణ్


వాట్‌ఫర్డ్
27 ఆగస్టు 2024

చి. కిరణ్‌కి,

వణుకు చచ్చింది. నీ తోలు బిళ్లల మీద నేను సొంత తెలివి కొంచెం ఉపయోగించాను. కాళ్ల దగ్గర చెక్కపలకల కింద దళసరి ఉన్నిగుడ్డ పరిచాను, సీటు కింద రబ్బరు దిమ్మలు పెట్టాను. ఇప్పుడు పిన్ని సీటులో నిండు గ్లాసు పెట్టి తిప్పినా చుక్క ఒలకదు. అడుగున ఎక్కడో ఇరవై నాలుగు దగ్గర గుర్రుమన్నట్టు వినిపిస్తుంది, అంతే. చెవిన వేసుకోకపోతే అదీ లేదు.

అన్నట్టు, నీ డబ్బా గేర్‌బాక్స్‌కి అంటుకోలేదు. దాని ఒంటినిండా నూనె, అయస్కాంతం జారిపోయి రోడ్డు మీద పడింది. అందుకని మొదటి రోజు నుంచీ పిన్ని సీటు కిందే పెడుతున్నాను. ఆలోచిస్తే అదే నయమనిపించింది. వణుకు తగ్గాల్సింది పిన్ని కాళ్లకి, గేర్‌బాక్స్‌కి నొప్పా పాడా?

నిన్న బ్యాంక్ హాలిడే. పిన్ని కారెక్కి కూర్చుంది. ఇంజను ఆపే ఉంచాను. పది నిమిషాలు అలా ముందుకి చూస్తూ కూర్చుని దిగింది. ఇంటికొచ్చాక స్రవంతికి ఫోన్ చేసి తనే చెప్పింది. దీంట్లో ఒక్కసారి వెళ్లొస్తే విమానం కూడా ఎక్కగలనేమోనే అంటుంటే నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. నీకు కాబట్టి చెబుతున్నాను.

అక్టోబరు 13 ఆదివారం ఇక్కడి పాతకార్ల క్లబ్బు వాళ్లు చిల్టర్న్ కొండల మీదకి షికారు పెట్టారు. పైన పబ్బులో టీ, అవతలి వాలున దిగి రావడం. ముందురోజే దసరా, వాహనపూజ. పూజయ్యాక ఎక్కాలో వద్దో చెబుతానంది పిన్ని. నాకు ఇంకేం కావాలి?

నీ బాబాయ్


న్యూకాసిల్
5 సెప్టెంబరు 2024

బాబాయ్‌కి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి చాలా సంతోషించాను. పిన్ని సంగతి చదువుతుంటే నాకూ ఏడుపొచ్చింది.

ఒక విషయం రాయాలి, ఎలా రాయాలో తెలియడం లేదు. ఈ కాగితం మూడోది, ముందు రెండూ చింపేశాను. డబ్బా సీటు కింద ఉందంటే నేను ఇన్నాళ్లూ చూసిన లెక్కలు సీటువి, షాఫ్ట్‌వి కావు. షాఫ్ట్ ఎలా ఉందో మనకి ఇప్పటిదాకా తెలియదన్నమాట. తోలు మార్చాక షాఫ్ట్ దగ్గర ఇంకేమీ మార్చకుండానే వణుకు ఇరవై ఆరు నుంచి ఇరవై నాలుగుకి దిగిందంటున్నారు. ఉన్నిగుడ్డ వల్ల అది దిగదు. షాఫ్ట్ బలం తగ్గితే దిగొచ్చు. నేను పొరబడి ఉండొచ్చు కూడా.

వీలుంటే ఒకసారి షాఫ్ట్ దింపి ఎవరికైనా చూపిస్తే మంచిదేమో. మరీ తొందరేం లేదు గానీ, పిన్నిని తీసుకెళ్లే లోపల అయితే బాగుంటుంది. డబ్బాని బెల్టుతోనైనా గేర్‌బాక్స్‌కి కట్టి ఒక్కసారి నడిపి కార్డు పంపండి. కాలితో తొక్కే బ్రేకు ఎక్కడ పట్టుకుంటుందో కూడా చూసి రాయండి.

మీరు ఇంత కష్టపడ్డాక ఇలా రాస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు.

మీ
కిరణ్


వాట్‌ఫర్డ్
1 అక్టోబరు 2024

చి. కిరణ్‌కి,

నీ ఉత్తరం చూసి కాసేపు మొహం చిన్నబుచ్చుకున్న మాట నిజం. మళ్లీ నేనే నవ్వుకున్నాను. చిన్నప్పుడు ఉయ్యాల ఎక్కే ముందు గొలుసు కొక్కెం లాగి చూసేదానివి. నీ జాగ్రత్త నాకు తెలియనిదా?

కెన్, నేను టార్చి వేసి కిందికి దూరి చూశాం. షాఫ్ట్ నల్లగా, నూనె పట్టి, శుభ్రంగా ఉంది. దింపాలంటే వెనక ఇరుసంతా విప్పాలి, రెండు వారాల పని. తొందరేం లేదని నువ్వే అన్నావు కాబట్టి చలికాలంలో దింపుదాం. నీ మాట తీసేయకుండా డబ్బా మాత్రం బెల్టుతో గేర్‌బాక్స్‌కి కట్టి నడిపాను. కార్డు ఇందులో ఉంది. కాలిబ్రేకు గేర్‌బాక్స్ వెనకే ఉన్న డ్రమ్ముని పట్టుకుంటుంది. చేతిబ్రేకు వెనక చక్రాలది, అది పేరుకే.

కెన్ రేపు స్పెయిన్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నాడు, చలికాలం అక్కడే. గ్యారేజీకి తాళం పడుతుంది. కారు మన ఇంటి ముందుకి తెచ్చేశాను. ఇకనుంచి ఏం రాసినా ఇంటికే రావాలి, ఇంటికొచ్చిన పోస్టంతా విప్పేది పిన్నే. అందుకని చూసి రాయి తల్లీ.

బాబాయ్


న్యూకాసిల్
10 అక్టోబరు 2024

బాబాయ్,

ఆ కారు కదపకండి. పిన్నిని ఎక్కించకండి.

పోయిన ఉత్తరంలో ఈ మాటే రాయాలనుకున్నాను. పండగ ముందు, పూజ ముందు, పెద్దవాళ్లకి విరుగుతుంది, పడుతుంది అని రాయడానికి చేయి రాలేదు. అందుకే నసిగాను. ఇప్పుడు నసగడం లేదు. ఆ షాఫ్ట్ విరుగుతుంది.

గేర్‌బాక్స్‌కి కట్టి పంపిన కార్డు చూశాను. అక్కడి వణుకు ఏమీ తగ్గలేదు, పెరిగింది. సీటు దగ్గర నిండు గ్లాసు ఒలకని వేగంలోనే షాఫ్ట్ దగ్గర కొట్టుకుపోతోంది. ఇప్పుడది ఇరవై రెండు దగ్గరే మొదలవుతోంది. అందులో సగం వేగం దగ్గర ఇంకో ఊపు కొత్తగా కనిపిస్తోంది, లోపల పగులుంటే అలా వస్తుంది. పగులు నూనె కింద సన్నగా ఉంటుంది, టార్చికి దొరకదు. ఎవరిదో చెప్పకుండా అభిజిత్‌కి చూపించాను. చాలాసేపు చూశాడు. "ఇది ఇంకా రోడ్డు మీద తిరుగుతోందా?" అని అడిగాడు.

మనం వణుకు తగ్గించలేదు బాబాయ్. పిన్ని కాళ్లకి తెలియకుండా చేశాం. అది చెబుతున్న మాట వినపడకుండా ఉన్నిగుడ్డ కప్పాం.

మీ కాలిబ్రేకు గేర్‌బాక్స్ వెనక డ్రమ్ముని పట్టుకుంటుంది. ఆ డ్రమ్ముకీ చక్రాలకీ మధ్య ఉన్నది ఈ షాఫ్ట్ ఒక్కటే. వాలు మీద అది విరిగితే మీరు ఎంత తొక్కినా చక్రాలకి ఏమీ తెలియదు, ఇంజను కూడా పట్టుకోదు. విరిగిన ముక్క తిరుగుతూ పలకల్ని బద్దలు కొడుతుంది. ఆ పలకల మీద ఉండేది పిన్ని కాళ్లు.

మంగళవారం ఫోన్ చేశాను. పిన్ని ఎత్తి స్పీకర్లో పెట్టింది. పూజకి కొత్త చీర కట్టుకోనా, ఉన్నదే కట్టుకోనా అని నన్నడిగింది. ఆ గొంతు విన్నాక షాఫ్ట్ మాట ఎత్తలేకపోయాను. ఎప్పుడు వీలైతే అప్పుడు ఫోన్ చేయమని బాబాయ్‌తో చెప్పమన్నాను, మీరు చేయలేదు. ఆమెకి ఈ సంగతి తెలిస్తే ఈ కారే కాదు, ఇంకే కారూ ఎక్కదు. విమానం మాటా అంతే. అందుకే నేరుగా మీకే రాస్తున్నాను.

స్పెషల్ డెలివరీలో పంపుతున్నాను, రేపు మధ్యాహ్నంలోగా ఇంటికి వస్తుంది. పోస్టు పిన్ని విప్పుతుందన్నారుగా. పసుపు రాసిన కవరు మాత్రం తను విప్పదు, మీ చేతికే ఇస్తుంది. స్రవంతి పెళ్లప్పుడు వియ్యాలవారు పంపిన శుభలేఖలన్నీ అలాగే చేసింది. అందుకని నాలుగు మూలలా పసుపు రాశాను. మీరు ఒంటరిగా ఉన్నప్పుడు విప్పండి.

పిన్నితో ఏదో ఒక సాకు చెప్పండి. ఇంజను మొరాయించిందనండి, వానొస్తుందనండి. పూజ చేసుకోండి, పులిహోర పెట్టండి, కారుని మాత్రం అక్కడే ఉంచండి. షాఫ్ట్ మార్చాక నేనే వచ్చి వెనక సీటులో కూర్చుంటాను.

ఉత్తరం అందిందని ఒక్క ముక్క మెసేజ్ పెట్టండి. అది వచ్చేదాకా నాకు అన్నం దిగదు.

కిరణ్మయి


న్యూకాసిల్
12 అక్టోబరు 2024, విజయదశమి

బాబాయ్‌కి, పిన్నికి పండగ నమస్కారాలు.

మీ మెసేజ్ చూసి ప్రాణం లేచొచ్చింది. లైబ్రరీ మెట్ల మీదే కూర్చుండిపోయాను. "ఉత్తరం అందింది. పిన్నికి కూడా చెప్పాను. ఇద్దరికీ మనసు కుదుటపడింది." ఎన్నిసార్లు చదువుకున్నానో. నేను ఇంత కఠినంగా రాసినా ఒక్క మాట అనకుండా తీసుకున్నారు, పైగా పిన్నికి కూడా మీరే నచ్చజెప్పారు. మీకు కోపం వస్తుందనీ, పిన్ని మళ్లీ మూల గదిలో కూర్చుంటుందనీ ఎంత భయపడ్డానో. అంత మాట ముందే రాసి ఉండాల్సింది.

ఇక తీరిగ్గా చేద్దాం. షాఫ్ట్ బదులు గొట్టం చేసి ఇచ్చేవాళ్లు ఇక్కడ ఒకరున్నారని అభిజిత్ చెప్పాడు. సోమవారం కనుక్కుంటాను. వసంతకాలానికి కారు సిద్ధమవుతుంది, అప్పుడు పిన్నిని ఎక్కడికి కావాలంటే అక్కడికి తీసుకెళ్లొచ్చు.

ఇవాళ మా ఫ్లాట్‌లో అందరం సైకిళ్లకి బొట్లు పెట్టాం. రాత్రి ఎనిమిదింటికే నిద్ర ముంచుకొస్తోంది, వారం రోజుల నిద్ర బాకీ ఉంది. ఇది రేపు పోస్టు చేస్తాను. పిన్నికి నా ముద్దులు.

కిరణ్


చిల్టర్న్ కొండ మీద, పబ్బు అరుగు మీంచి
13 అక్టోబరు 2024, ఆదివారం

బంగారు తల్లికి,

పబ్బు వాళ్లని అడిగి కాగితం, కవరు తీసుకున్నాను. గేటు పక్కనే ఎర్ర పోస్టు డబ్బా ఉంది. ఈ సంతోషం చల్లారకముందే నీకు రాసేయాలనిపించింది. ఇక్కడ ఫోన్‌కి సిగ్నల్ లేదు.

పిన్ని వచ్చింది కిరణ్! ఇంటి దగ్గర్నుంచి ఇంత దూరం నా పక్కనే కూర్చుని వచ్చింది. మొదటి మలుపు దాకా నా చొక్కా పట్టుకుంది, తర్వాత వదిలేసింది. దారిలో గుర్రాలు కనిపిస్తే చేయి ఊపింది. ఇప్పుడు అందరూ దిగి టీ తాగుతుంటే తను మాత్రం సీటులోంచి దిగనంటోంది. శాలువా కప్పుకుని కింద లోయంతా చూస్తోంది. నిన్ను తలుచుకుని స్రవంతికి చెప్పాల్సిన మాటలు ఇప్పుడే కూర్చుకుంటోంది.

దీనికంతటికీ కారణం నువ్వు. శుక్రవారం దాకా పిన్ని వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. మంగళవారం నీ ఫోన్ వచ్చాక ఇంకా బెంగ పెట్టుకుంది, కిరణ్ గొంతు ఏదోలా ఉంది, ఏం దాస్తోందో అని. నీకు ఫోన్ చేయమని నాకు నాలుగుసార్లు గుర్తు చేసింది, పూజ సామాన్ల తిరుగుడులో నాకు కుదరలేదు. అంతలో శుక్రవారం పోస్టుమాన్ నీ కవరు తెచ్చాడు. నాలుగు మూలలా పసుపు. పిన్ని దాన్ని కళ్లకద్దుకుని దేవుడి దగ్గర పెట్టింది. నేను విప్పబోతే నా చేయి పట్టుకుంది. ప్రయాణానికి ముందు వచ్చిన పసుపు కవరు వెంట తీసుకెళ్లి, చేరాల్సిన చోటు చేరాకే విప్పాలట. వాళ్ల పుట్టింట్లో అంతేనట. ఇన్నేళ్ల కాపురంలో నాకు ఈ ఆచారం ఇప్పుడే తెలిసింది. నేనూ సరేనన్నాను. నువ్వు ఏం రాసి ఉంటావో నాకు తెలియదా ఏమిటి? కారు బాగుందనే రాసి ఉంటుందని పిన్నికి కూడా చెప్పి, నీకు మెసేజ్ పెట్టాను.

నిన్న పూజలో నీ కవరుకి కూడా బొట్టు పెట్టింది. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, కారు ఆపి, రేపు వస్తున్నావా లేదా అని అడిగాను. ఇవాళ పొద్దున నీ కవరు హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని తనే వచ్చి ఎక్కింది.

"కిరణ్ పసుపు పెట్టి పంపిందంటే నాకింక భయం లేదండీ. ఆ పిల్ల అన్నీ చూసుకోకుండా రాయదు" అంది.

ఇప్పుడు నీ కవరు తన ఒళ్లోనే ఉంది. దాని మీద చేయి వేసుకుని కూర్చుంది. పొద్దున్నుంచీ కాళ్ల కింద వణుకన్నదే తెలియలేదట. చిన్నగా వాన తుంపర పడుతోంది, ఆకులు రాలి రోడ్డంతా తడిగా ఉంది. మిగతా కార్లు ఒక్కొక్కటే దిగుతున్నాయి. ఇక్కణ్ణుంచి కిందకి మూడు మైళ్లు వాలు. కింద ఊళ్లో ఆగి నీ ఉత్తరం ఇద్దరం కలిసి చదువుతాం.

పిన్ని పిలుస్తోంది, ఉంటాను.

బాబాయ్